స్టేషన్ నుంచి మూడు నిమిషాలు

సూట్‌కేసు కబుర్లు

కిందటి సంచికలో విమానంలో శాకాహార భోజనం కోసం నేను పడ్డ పాట్లు చదివి నవ్వుకున్నామని చాలామంది ఫోన్లు చేశారు. మన పిక్నిక్‌లో కలిసిన ఒక పెద్దాయనైతే, "భోజనం సరేనయ్యా, ఇన్ని దేశాలు తిరుగుతావు కదా, హోటల్ ఎలా ఎంచుకోవాలో ఒకసారి రాయరాదూ? మా అమ్మాయి మమ్మల్ని జపాన్ తీసుకెళ్తానంటోంది" అన్నారు. ఈసారి కబుర్లు ఆయన ప్రశ్నకు జవాబుగానే మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ హోటల్ దగ్గర బయలుదేరి మా అమ్మ దగ్గర తేలాను. పెద్దాయన మన్నించాలి.

మా కన్సల్టెంట్లకి హోటల్ అంటే ఒక మంచం, ఒక ఇస్త్రీపెట్టె, ఇంటర్నెట్. వీటితోపాటు మెంబర్‌షిప్ పాయింట్లు కూడా వస్తే అంతకంటే స్వర్గం లేదు. అమెరికాలో ఆ హోటల్ హైవే ఎగ్జిట్ పక్కన, పెద్ద పార్కింగ్ లాట్ నడుమ ఉంటుంది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా రెస్టారెంటు కనిపిస్తూనే ఉంటుంది. కానీ మధ్యలో ఆరు లేన్ల రోడ్డు. నడిచి దాటే దారి ఉండదు గనుక, కేక వేస్తే వినపడే దూరానికి కూడా కారు తీయాలి. ఇన్నేళ్ళుగా దీన్నే సౌకర్యం అనుకుంటూ బతికేశాను.

2024 జులైలో నాకు టోక్యోలో రెండు వారాల పని పడింది. సరిగ్గా అప్పుడే మా మరదలికి సియాటిల్‌లో పురుడు. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని సాయానికి వెళ్ళింది. అమ్మను కూడా రమ్మన్నారు గానీ, "కోడలి చెల్లెలింట్లో అన్ని రోజులు కూర్చుంటే ఏం బాగుంటుందిరా? ఫ్రిజ్ నింపి వెళ్ళు, ఇక్కడే ఉంటాను" అంది.

ఆ మాట మీద ఒక రాత్రంతా ఆలోచించాను. మాది న్యూజెర్సీలో ఒక సబర్బ్. నాలుగు పడకగదులు, రెండు కార్ల గరాజ్, మంచి స్కూల్ డిస్ట్రిక్ట్. పాలు దొరికే కొట్టు రెండున్నర మైళ్ళు. దారిలో సగం దూరం నడవడానికి పేవ్‌మెంటే లేదు. అమ్మకు డ్రైవింగ్ రాదు. ఫ్రిజ్ నింపి వెళ్ళొచ్చు. పాలు విరిగితే? ఏ రాత్రో నలతగా ఉంటే?

అమ్మకు డెబ్భై ఒకటి. రాజమండ్రి మునిసిపల్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పింది. దానవాయిపేటలో మా ఇల్లు. స్కూలుకు నడిచే వెళ్ళేది. దేవీచౌక్‌లో కూరలకు నడిచే వెళ్ళేది. కార్తీకమాసంలో చీకటితో లేచి పుష్కర ఘాట్‌కూ నడిచే వెళ్ళేది. 2021లో నాన్న పోయాక మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచి మెల్లమెల్లగా మాటలు తగ్గించింది. అడిగితే తప్ప చెప్పదు. చెప్పినా "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. వయసు కదా అనుకున్నాం. మైళ్ళు ఖర్చుపెట్టి టికెట్టు కొని, వీసా తీయించి నా వెంట జపాన్ తీసుకెళ్ళాను.

నిమిషానికి 80 మీటర్లు

హోటల్ వెతకడం మొదలుపెట్టాక జపాన్‌లో ఒక సంగతి గమనించాను. ప్రతి హోటలూ తన గొప్ప చెప్పుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్ గురించి కాదు, ముందు ఈ ముక్క చెబుతుంది: "ఫలానా స్టేషన్, ఫలానా ద్వారం నుంచి నడక 3 నిమిషాలు." ఇదేదో గాలిలో వేసిన లెక్క కాదు. అక్కడ ఇళ్ళ ప్రకటనలకు ఒక నియమం ఉంది. ఒక నిమిషం నడక అంటే 80 మీటర్లు. మీటరు ఎక్కువైనా తర్వాతి నిమిషం కిందే లెక్క. మన దగ్గర "డౌన్‌టౌన్‌కు 20 నిమిషాలు" అని రాస్తే అది ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు మీద పిట్ట కూడా లేనప్పుడు కారులో పట్టే సమయమని మీకు తెలుసు. వాళ్ళది కాళ్ళతో కొలిచిన లెక్క.

ఒక తిరకాసుంది. మెట్లెక్కే సమయం, సిగ్నల్ దగ్గర ఆగే సమయం ఆ లెక్కలోకి రావు. పైగా నిమిషానికి 80 మీటర్లు నడిచేది వయసులో ఉన్నవాళ్ళు. మా అమ్మ నడకను ఇంటి దగ్గర గడియారం పెట్టి కొలిస్తే నిమిషానికి 50 మీటర్లు వచ్చింది. కాబట్టి వాళ్ళ మూడు నిమిషాలు మా లెక్కలో ఐదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు రాసిన నిమిషాలకు దాదాపు రెట్టింపు వేసుకోండి. ఏ ద్వారం దగ్గర లిఫ్టు ఉందో కూడా ముందే చూసుకోండి. పెద్ద స్టేషన్‌లో ఒక ద్వారం బదులు ఇంకొకటి పట్టుకుంటే, మూడు నిమిషాల హోటల్ పావుగంట అవుతుంది.

మా ట్రావెల్ డెస్క్ చూపించిన పెద్ద హోటల్‌ను కాదని ఉయెనోలో దిగాను. కారణాలు మూడు. ఒకటి, నారిటా విమానాశ్రయం నుంచి ఉయెనోకు నేరుగా రైలుంది, ముప్పావుగంట ప్రయాణం. పద్నాలుగు గంటల విమానం దిగిన పెద్దావిడ చేత రెండు రైళ్ళు మార్పించడం నాకిష్టం లేదు. రెండు, అక్కడ యమనోతె లైన్ దొరుకుతుంది. ఇది టోక్యో నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరిగే రైలు. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, గంటకో ప్రదక్షిణం. నా క్లయింటు ఆఫీసు టోక్యో స్టేషన్ పక్కనే. ఉయెనో నుంచి నాలుగో స్టాపు. మూడు, స్టేషన్ పక్కనే పెద్ద పార్కు.

ఉయెనోకు ఇంకో కథ కూడా ఉంది. 1883లో తెరిచిన స్టేషన్ అది. టోక్యోకు ఉత్తర ద్వారం లాంటిది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1950లు, 60లలో ఉత్తరాది పల్లెల నుంచి అప్పుడే బడి చదువు ముగిసిన పిల్లల్ని ఉద్యోగాల కోసం ప్రత్యేక రైళ్ళలో ఇక్కడికే తెచ్చేవారు. సంచీ చేత పట్టుకుని పదిహేనేళ్ళ పిల్లలు దిగిన చోటన్నమాట. రైల్లో ఇది చెబితే అమ్మ, "నువ్వు ఇరవై మూడేళ్ళకు దిగావు, వాళ్ళకంటే నయం" అంది.

గదిలో ఏముంది?

స్టేషన్ల పక్కన ఉండే ఇలాంటి వాటిని జపాన్‌లో బిజినెస్ హోటల్ అంటారు. మా హోటల్ లాబీలో సోఫాలు రెండే. కౌంటర్లో పాస్‌పోర్టు కాపీ తీసుకున్నారు. జపాన్‌లో చిరునామా లేని విదేశీయుల దగ్గర తీసుకోవడం అక్కడి నియమం, కంగారుపడకండి. ఛార్జీ గదికి కాదు, ఎంతమంది ఉంటే అంత అన్నట్టుగా ఉంటుంది. అందుకని బుక్ చేసేటప్పుడే ఇద్దరని చెప్పాలి. రెండు మంచాల గది మాకు రాత్రికి 17,000 యెన్లు పడింది. ఆ నెల మొదట్లో యెన్ విలువ 1986 తర్వాత ఎన్నడూ లేనంతగా పడిపోయి డాలరుకు 160 దాటింది. ఆ లెక్కన గది 106 డాలర్లు. జులైలో ఎండలకు చెమటలు కారిపోతుంటే అందరూ అయ్యో అన్నారు గానీ, "రోహిణీకార్తెలో గోదావరి గట్టున తిరిగినదాన్ని, ఇదేం ఎండ?" అని అమ్మ తీసిపారేసింది.

గది 18 చదరపు మీటర్లు. ఒక సూట్‌కేసు తెరిస్తే రెండోది మూయాలి. అయినా కావలసినవన్నీ చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. నీళ్ళు కాచుకునే కెటిల్, చెప్పులు, రాత్రి వేసుకోవడానికి ఉతికిన బట్టలు, టూత్‌బ్రష్. మంచం దగ్గరే అన్ని లైట్ల స్విచ్చులు.

స్నానాలగది ఒకే ముక్కగా పోతపోసినట్టుంటుంది. దాన్ని యూనిట్ బాత్ అంటారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు న్యూ ఒటాని అనే హోటల్‌ను హడావిడిగా కట్టాల్సి వచ్చింది. వెయ్యికి పైగా గదులు. ఒక్కో స్నానాలగదికి టైల్స్ వేస్తూ కూర్చుంటే పని తెమలదని, టోటో కంపెనీవాళ్ళు గదుల్ని ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి అమర్చారు. ఆ పద్ధతే ఇప్పుడు దేశమంతటా ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒకసారి రాసిన కోడ్‌ను ఎన్నిచోట్లయినా వాడుకోవడం లాంటిది. కాకపోతే దాని గడప ఎత్తుగా ఉంటుంది, టబ్బు లోతుగా ఉంటుంది. పెద్దవాళ్ళకు మొదటి రోజే గడప చూపించి, పట్టుకునే కడ్డీ ఎక్కడుందో చూపించండి. ఇక అదే టోటో 1980 నుంచి అమ్ముతున్న నీళ్ళ టాయిలెట్ సీటు గురించి మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. "మొత్తానికి చెంబు విలువ తెలిసిన దేశం ఒకటి దొరికింది" అంది అమ్మ. జపాన్ మీద ఆవిడకు గౌరవం కలిగింది అక్కడే.

అభ్యంతరాలూ లేకపోలేదు. గదిలో వంట కూడదు. నాకు తెలియకుండా సూట్‌కేసు అడుగున చిన్న కుక్కర్ తెచ్చింది. నిబంధన చెప్పి, పైగా ఇక్కడి కరెంటు 100 వోల్టులే అని భయపెట్టి, మళ్ళీ పెట్లో పెట్టించాను. దీపం కూడా పెట్టకూడదన్నాను. పొగ తగిలితే అలారం మోగుతుంది. కుక్కర్ సంగతికి నవ్వింది గానీ, దీపం సంగతికి నవ్వలేదు.

కింద కొట్టు

హోటల్ కింది అంతస్తులోనే ఒక కొట్టు. ఇరవై నాలుగ్గంటలూ తెరిచి ఉంటుంది. వీటిని కొంబిని అంటారు. 1974లో టోక్యోలోని తొయోసులో మొదటి సెవెన్-ఇలెవెన్ తెరిచారు. పేరు అమెరికాది, తీరు పూర్తిగా వాళ్ళది. మన గ్యాస్ స్టేషన్ కొట్టులా చిప్స్, సోడాలతో సరిపెట్టరు. అన్నం దొరుకుతుంది, కరెంటు బిల్లు కట్టొచ్చు, డబ్బు తీసుకోవచ్చు, పెట్టెలు వేరే ఊరికి పంపొచ్చు.

శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. జపాన్ వంటలో దాషి అనే కట్టు ఉంటుంది. ఎక్కువగా చేపతో చేస్తారు. పైకి కూరగాయల పులుసులా కనిపించేదాంట్లో కూడా అది ఉంటుంది. హోటల్ బ్రేక్‌ఫాస్టులో ఇచ్చే మిసో సూపు అందుకే వద్దనుకున్నాం. అన్నం, పళ్ళు, సలాడ్ తిన్నాం. కందిపొడి, గోంగూర పచ్చడి మా వెంట ఉన్నాయి. ఇక పెరుగు. తీపి లేని తెల్లటి పెరుగు కొంబినిలోనే దొరికింది. మెయిజీ బల్గేరియా అని దాని పేరు. 1970 ఒసాకా ఎక్స్‌పోలో బల్గేరియా వాళ్ళ పెవిలియన్‌లో పెరుగు రుచి చూసి, మెయిజీ కంపెనీవాళ్ళు తయారీ మొదలుపెట్టారు. 1973 నుంచి ఆ పేరుతో అమ్ముతున్నారు. ప్యాకెట్ అన్నాన్ని కొట్టులోనే వేడిచేయించుకుని, పెరుగు కలుపుకుని, ఉమెబోషి అనే ఉప్పులో ఊరిన పుల్లటి పండు నంజుకుంటే జ్వరం తర్వాతి పథ్యంలా ప్రాణం లేచొచ్చింది. "మన ఉసిరికాయకు చుట్టమే" అని తేల్చింది అమ్మ.

సోమవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతూ అమ్మకు పదివేల యెన్ల నోటు, హోటల్ కార్డు ఇచ్చాను. కార్డుకు ఒకవైపు పేరు, ఫోను, ఇంకోవైపు స్టేషన్ నుంచి హోటల్‌కు దారి చూపే చిన్న మ్యాపు. "కింద కొట్టు దాకానే వెళ్ళు. అంతకు మించి నేనొచ్చాకే" అని ముమ్మారు చెప్పాను. బుద్ధిగా తలూపింది.

బుధవారం రాత్రి

మూడో రోజు మీటింగు ఆలస్యమై రాత్రి ఎనిమిదికి వచ్చాను. గదిలో అమ్మ లేదు. ఫోను ఛార్జర్‌కు తగిలించి ఉంది. కళ్ళద్దాలు లేవు, చెప్పులు లేవు.

కింద కొట్టులో చూశాను. లేదు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఫోన్లో అనువాదం చూపిస్తూ చెప్పింది: ఐదు గంటలకు బయటికి వెళ్ళారు, చేయి ఊపి వెళ్ళారు. అప్పటికి మూడు గంటలు.

ఆ తర్వాత గంట ఎలా గడిచిందో నాకే తెలుసు. స్టేషన్ ముందు వేలమంది. చీర కట్టుకున్న పొట్టి మనిషి ఎవరైనా కనిపిస్తారేమోనని ఒక్కో ద్వారం దగ్గరా నిలబడి చూశాను. పార్కు మెట్ల దాకా పరుగెత్తాను. భాష రాదు, ఫోను లేదు, షుగర్ మాత్ర వేసుకునే వేళ దాటింది. పుట్టిన ఊళ్ళో ఉంచినా బాగుండేది, ఈ ఊరు కాని ఊరికి ఎందుకు తెచ్చానా అని నన్ను నేను తిట్టుకున్నాను. నాన్న ఉంటే నన్నేమనేవారో అది కూడా వినిపించింది.

తొమ్మిది దాటాక, పోలీసులకు ఎలా చెప్పాలో హోటల్లో అడుగుదామని చొక్కా తడిసి ముద్దై లోపలికి వస్తే, ఉన్న రెండు సోఫాల్లో ఒకదాని మీద అమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"ఇంతసేపు ఎక్కడికెళ్ళావురా, చెప్పకుండా? కంగారుపడి చచ్చాను" అంది.

జరిగింది ఇది. ఉయెనో స్టేషన్ దగ్గర్నుంచి రైలు పట్టాల వెంబడి అమెయోకో అనే బజారుంది. చేపలు, పళ్ళు, బట్టలు, చెప్పులు, కేకలు, తోపులాట. మన సంతలాగే. ఆ సందడి చూసుకుంటూ అమ్మ నడిచింది. ఒకచోట జీలకర్ర, ధనియాల వాసన వచ్చిందట. వాసన పట్టుకుని వెళ్తే మసాలా దినుసుల కొట్టు. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు పోతే తర్వాతి స్టేషన్ ఒకాచిమాచి వచ్చేసింది. నగలు, రాళ్ళ వ్యాపారానికి పేరున్న పేట అది. మనదేశపు రాళ్ళ వ్యాపారులు చాలామంది అక్కడున్నారు. వాళ్ళ కోసం శాకాహార హోటళ్ళూ ఉన్నాయి. ఒకదాంట్లో కూర్చుని ఇడ్లీ తిని, కాఫీ తాగి, బయటికొచ్చేటప్పుడు పట్టాలకు అవతలి వైపుకు తేలింది. అన్ని వీధులూ ఒకేలా కనిపించాయి. అప్పుడు హోటల్ కార్డు తీసి, కోబన్ అనే చిన్న పోలీసు పెట్టె లాంటి ఠాణాలో చూపించింది. అక్కడి కుర్రాడు కాగితం మీద దారి గీసి, పెద్ద సిగ్నల్ దాకా వెంట నడిచి, రోడ్డు దాటించి, వంగి నమస్కారం పెట్టి వెళ్ళాడట. ఎనిమిదీ పదికి అమ్మ హోటల్లో ఉంది. ఎనిమిదీ ఐదుకు నేను ఆవిణ్ణి వెతకడానికి బయటికి వెళ్ళాను.

గదిలోకి వెళ్ళాక అరిచాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. "ఈ రెండు వారాలూ నేను లేకుండా గడప దాటొద్దు" అన్నాను. ఐదో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న సంచీలోంచి ఒక పొట్లం తీసి మంచం మీద పెట్టింది. కిలో కందిపప్పు.

"వండుకోవడానికి పొయ్యి లేదు. పప్పెందుకమ్మా?"

"కనిపించింది, కొన్నాను. ధర అడిగి, పక్క కొట్టులో కూడా అడిగి, చిల్లర లెక్కపెట్టుకుని కొన్నాను." కాసేపాగి అంది. "మీ నాన్న పోయాక నేను ఒక్కదాన్నీ ఇంటి నుంచి ఒక చోటికి వెళ్ళి రావడం ఇదే మొదలురా. మూడేళ్ళయింది. నువ్వేమో తప్పిపోయాను అంటున్నావు. నేను తిరిగొచ్చాను కదా."

నా దగ్గర జవాబు లేదు.

తెల్లవారి ఐదున్నరకు నన్ను లేపింది. "రా, నీకొకటి చూపిస్తాను" అని ముందు తను నడిచింది. ఏ సిగ్నల్ ఎంతసేపు ఉంటుందో ఆవిడకు తెలుసు. ఏ మెట్లు తప్పించుకుని వాలుదారిన వెళ్ళాలో తెలుసు. పార్కు పక్కన షినోబజు చెరువు. నీళ్ళు కనపడకుండా తామరాకులు, మనిషి నడుము ఎత్తున పువ్వులు, అప్పుడే విచ్చుకుంటున్నాయి. కెమెరా స్టాండుతో నిలబడ్డ ఒక ముసలాయన అమ్మను చూసి తలవంచాడు. అమ్మ కూడా తలవంచింది. అంటే ఇది మొదటిసారి రావడం కాదు! మంగళవారమే వచ్చిందట. కొట్టు దాకానే వెళ్ళమన్నది నేను, తలూపింది ఆవిడ. వినిపించుకుందని నేనే అనుకున్నాను.

చెరువు నడుమ దీవిలో గుడి. అక్కడి దేవత పేరు బెంజైతెన్, ముద్దుగా బెంతెన్. చేతిలో వీణలాంటి వాయిద్యం, చుట్టూ నీళ్ళు. మన సరస్వతీదేవే. బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాన్ చేరింది. 1945 బాంబు దాడుల్లో కాలిపోయిన గుడిని 1958లో తిరిగి కట్టారు. నాకు బాసరలో అక్షరాభ్యాసం చేయించిన మనిషి, టోక్యోలో ఎవరూ చెప్పకుండా ఆ తల్లినే వెతికి పట్టుకుంది. గుడి ముందు పెద్ద ధూపపాత్ర. పక్కన అగరొత్తులు అమ్ముతున్నారు. అమ్మ చిల్లర వేసి, ఒక కట్ట తీసి, వెలిగించి గుచ్చింది. "గదిలో వద్దన్నావుగా" అంది, నా వైపు చూడకుండా.

మిగతా పది రోజులూ నేను ఆఫీసుకు, అమ్మ తన పనుల మీద. ఫోను తీసుకెళ్ళాలి, ఏడులోపు రావాలి అని ఒప్పందం. సూయికా అనే రైలు కార్డు ఒకటి కొనిచ్చాను. ఒకసారి యమనోతె లైన్ ఎక్కి గంటసేపు చుట్టూ తిరిగి ఎక్కిన చోటే దిగింది. "గుండ్రంగా తిరిగే రైల్లో తప్పిపోవడం కుదరదురా, కూర్చుంటే అదే ఇంటికి తెస్తుంది" అంది. రాత్రి భోజనాల దగ్గర నేను చెప్పడం తగ్గింది, తను చెప్పడం పెరిగింది. జపాన్ అక్షరాలు కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ అనే వరసలోనే ఉంటాయని, క వర్గం, త వర్గం ఉన్నాయని కౌంటర్లో అమ్మాయి దగ్గర తెలుసుకుని వచ్చి నాకు పాఠం చెప్పింది. ఆ వరస సంస్కృతం నుంచి బౌద్ధ పండితుల ద్వారా వెళ్ళిందే. తెలుగు టీచర్ తిరిగి డ్యూటీలో చేరింది. వయసు వల్ల తగ్గాయనుకున్న మాటలన్నీ ఎక్కడికీ పోలేదు. చెప్పడానికి ఏమీ జరగక ఆగిపోయాయి, అంతే.

తిరిగొచ్చాక

మా వృత్తిలో ఒక మాటుంది, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఏదైనా ఒక్కటి ఆగితే మొత్తం వ్యవస్థ ఆగిపోయేలా కట్టకూడదంటారు. ఆ సంగతి క్లయింట్లకు చెప్పి డబ్బు తీసుకుంటాను. మా ఇంట్లో అమ్మకు పాలు, గుడి, మందులు, మనుషులు, అన్నీ నా కారు తాళంచెవి మీదే ఆధారపడి ఉన్నాయని మాత్రం చూడలేదు.

ఇల్లు అమ్మేసి స్టేషన్ పక్కకు మారిపోయామని రాస్తే కథ బాగుంటుంది. అలా జరగలేదు. అప్పుంది, పిల్లల స్కూలుంది. జరిగినవి చిన్నవే. మా టౌన్‌షిప్ పెద్దవాళ్ళ కోసం నడిపే చిన్న బస్సు ఉందని పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ అప్పుడే తెలుసుకున్నాను. మంగళ, గురువారాలు అమ్మ అందులో లైబ్రరీకి వెళ్తుంది. శనివారం ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద దింపి నేను వచ్చేస్తాను. వెంట ఉండను. రెండు గంటలో, మూడు గంటలో తిరిగి, పని అయ్యాక తనే ఫోన్ చేస్తుంది. చలికాలం నాలుగు నెలలు రాజమండ్రిలో ఉంటానంది. ఈసారి నేను "ఒక్కదానివీ ఎలా?" అనలేదు. ఆ కందిపప్పు న్యూజెర్సీలో ముద్దపప్పు అయింది.

పెద్దాయనకు ఇచ్చిన మాట ప్రకారం హోటల్ గురించి ఆఖరి ముక్క. జపాన్‌లో గది ఎంత పెద్దదని చూడకండి, అది పెద్దది కాదు. లిఫ్టు ఉన్న ద్వారానికి ఎంత దగ్గర, కింద కొట్టు ఉందా, చుట్టుపక్కల పది నిమిషాల్లో కూర్చోవడానికి ఒక చెట్టు నీడ ఉందా, ఈ మూడూ చూడండి. ఊరు మారేటప్పుడు పెద్ద పెట్టెల్ని హోటల్ కౌంటర్లోనే ఇచ్చేస్తే తర్వాతి హోటల్‌కు పంపుతారు. సాధారణంగా మర్నాటికల్లా చేరతాయి. 1976 నుంచి ఉన్న ఏర్పాటు అది. మోసుకుంటూ మెట్లెక్కకండి. కౌంటర్లో హోటల్ కార్డులు రెండడిగి, ఒకటి మీ ఆవిడ చేతిలో పెట్టండి. పెట్టి, అమ్మాయినీ అల్లుడినీ ఒక పూట వాళ్ళ దారిన వాళ్ళను తిరగనివ్వండి. మీ దారిన మీరు తిరగండి.

మిగతావారికి ఒక ప్రశ్న. మీ ఇంటి గుమ్మంలోంచి మీ అమ్మగారో, నాన్నగారో ఎవరినీ అడగకుండా నడిచి వెళ్ళి రాగలిగిన చోటు ఒక్కటైనా ఉందా? ఈ వారాంతంలో ఒకసారి వాళ్ళ నడకతో, నిమిషానికి 50 మీటర్ల లెక్కన కొలిచి చూడండి.

నేను కూడా మా ఇంటి చిరునామా, ఫోను నంబర్లు వేసి, ఆ హోటల్ కార్డు లాంటిదే ఒకటి అమ్మకు ప్రింట్ చేసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుంది గానీ, వెనక మ్యాపు లేదేంరా?" అంది.

మళ్ళీ సంచికలో కలుద్దాం.